శరణాలయం కట్టని ఊరు: సూరత్ నుంచి చూసిన పిచ్చాసుపత్రుల పాలనా చరిత్ర

గుజరాత్ రాష్ట్రంలో మానసిక రోగుల కోసమే ప్రత్యేకించిన ప్రభుత్వ వైద్యశాలలు అహ్మదాబాద్, వడోదర, జామ్‌నగర్, భుజ్ నగరాలలో ఉన్నాయి. వాటి స్థాపన చరిత్రలు వేరువేరు అయినా, అవి వెలసిన ఊళ్ల పేర్లను వరసగా చదివితే ఒక పాత పాలనా పటం కళ్లకు కడుతుంది. అహ్మదాబాద్ బొంబాయి ప్రెసిడెన్సీ ఉత్తర విభాగపు కమిషనర్ కొలువున్న నగరం. తక్కిన మూడూ గైక్వాడుల, నవానగర్ జాముల, కచ్ రావుల రాజధానులు. జనాభాలో రాష్ట్రానికి రెండో నగరమూ, ఒకప్పుడు మొగలు సామ్రాజ్యపు ప్రధాన రేవూ, మచిలీపట్నం తరువాత కొద్దికాలానికే ఇంగ్లీషు కంపెనీ కోఠీ తెరచిన చోటూ అయిన సూరత్ ఈ పట్టికలో లేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నాటి బొంబాయి ప్రెసిడెన్సీ వార్షిక నివేదికలలో కొలాబా, పుణె, అహ్మదాబాద్, ధార్వాడ్, రత్నగిరి, సింధ్ హైదరాబాద్ శరణాలయాల లెక్కలు ఉంటాయి గాని, సూరత్ పద్దు ఉండదు. ఇంత పెద్ద నగరానికి పిచ్చాసుపత్రి దక్కకపోవడం లోటా, అదృష్టమా అన్నది ఈ ఉపన్యాసం తేల్చదలచిన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానాన్ని వైద్య గ్రంథాలలో కంటే పోలీసు, మెజిస్ట్రేటు, జైళ్ల శాఖల కాగితాలలో వెతకవలసి ఉంటుంది.

దానధర్మాలకు సూరత్ ఏనాడూ వెనుకాడిన ఊరు కాదు. ఇక్కడి వణిక్కులు నడిపిన జంతువుల ఆసుపత్రి, అంటే పాంజరాపోల్, పదిహేడో శతాబ్దపు యూరోపియన్ యాత్రికులను విస్మయపరచింది. 1689లో ఈ ఊరు చూసిన జాన్ ఓవింగ్టన్ దాని గురించి రాశాడు. 1834లో అలెగ్జాండర్ బర్న్స్ అదే విషయం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించాడు. ముసలి ఎద్దుకూ, కుంటి గుర్రానికీ నీడ కల్పించిన వర్తక మహాజనులు మతి చలించిన మనిషికి ప్రత్యేకమైన కట్టడం కట్టలేదంటే, అందుకు కారణం దయలేమి అని ఎవరూ అనలేరు. మతి చలించిన మనిషి అప్పటికి ఇంటివారి బాధ్యత. ఇంటివల్ల కాకపోతే వైద్యుడు, హకీం, మంత్రగాడు, గుడి, దర్గా. ఆయుర్వేదం తన ఎనిమిది అంగాలలో ఒకదాన్ని, భూతవిద్య అన్న పేరుతో, ఈ రకపు వ్యాధులకే కేటాయించింది. ఉత్తర గుజరాత్‌లో మెహసాణా జిల్లా ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గాకు మతాలకు అతీతంగా జనం నేటికీ రోగులను తీసుకువెళుతున్నారు. గోడ కట్టి, తాళం వేసి, రిజిస్టరు పెట్టి మతిలేనివారిని ఒకచోట ఉంచే పద్ధతి దేశానికి ప్రభుత్వ వ్యవహారంగానే వచ్చింది; ధర్మసంస్థగా రాలేదు.

తొలి దశలో ఆ వ్యవహారం కూడా దేశీయుల కోసం ఏర్పడినది కాదు. వాలెంటైన్ కొనోలీ అనే శస్త్రవైద్యుడు 1794లో మద్రాసులో ప్రారంభించిన శరణాలయం కంపెనీ సొమ్ముతో నడిచిన ప్రైవేటు ఏర్పాటు. కలకత్తా, బొంబాయి నగరాలలో అటువంటివే వెలిశాయి. బొంబాయిలో కొలాబా దీవి మీది శరణాలయం 1826 నాటిది. పరాయిదేశంలో మతి చలించిన తెల్ల సిపాయి వీధిలో తిరిగితే పాలకుల పరువు పోతుందన్న బెంగ ఈ తొలి కట్టడాలకు పునాది. దేశీయుల సంగతి పట్టించుకోవలసిన అవసరం పాలనా విస్తరణతో పాటు వచ్చింది: పోలీసు స్టేషన్లు, జిల్లా జైళ్లు, ప్రధాన రహదారులు ఏర్పడిన కొద్దీ, నేరమేమీ చేయకపోయినా దారిన పోయేవారికి అడ్డుపడే మనిషిని ఏంచేయాలన్న ప్రశ్న జిల్లా కలెక్టరు బల్ల మీదికి చేరింది. చాలాకాలం పాటు ఆ మనిషిని జైలులోనే ఉంచేవారు.

1858లో ఒకేసారి మూడు చట్టాలు వచ్చాయి. ఆ ఏడాది 34వ, 35వ చట్టాలు మతిస్థిమితం లేనివారి ఆస్తి గురించినవి: మొదటిది ప్రెసిడెన్సీ నగరాల సుప్రీం కోర్టుల పరిధికీ, రెండోది జిల్లా కోర్టుల పరిధికీ చెందినది. ఆస్తి ఉన్నవాడికి మతి తప్పితే ఆ ఆస్తిని ఎవరు చూడాలో, విచారణ ఎలా జరగాలో అవి నిర్ణయించాయి. 36వ చట్టం మనిషిని గురించినది; శరణాలయాలు నెలకొల్పడం, వాటిలోకి మనుషులను పంపడం, అక్కడి తనిఖీ దాని విషయాలు. ఆస్తికి రెండు చట్టాలు, మనిషికి ఒకటి అన్న నిష్పత్తిని యాదృచ్ఛికమనుకున్నా, ఈ మూడూ న్యాయస్థానాల, మెజిస్ట్రేట్ల భాషలో సాగుతాయన్నది గమనించదగినది. చికిత్స అంటే ఏమిటో వాటిలో లేదు.

ఇంతకంటే ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో 1845 నాటి చట్టం ప్రతి కౌంటీ, అంటే మన జిల్లా వంటి విభాగం, పేద రోగుల కోసం శరణాలయం ఏర్పాటు చేసి తీరాలని నిర్బంధించింది. పదమూడేళ్ల తరువాత భారతదేశానికి చేసిన చట్టం ప్రభుత్వాలకు శరణాలయాలు కట్టే అధికారం ఇచ్చిందే తప్ప బాధ్యత విధించలేదు. ఒకే పార్లమెంటు నీడలో పుట్టిన ఈ రెండు చట్టాల మధ్య తేడాలోనే సూరత్ కథ ఉంది. ఇంగ్లండ్ సూత్రం ఇక్కడా వర్తించి ఉంటే సూరత్ జిల్లాకు తనదైన శరణాలయం వచ్చేది. వర్తించలేదు కాబట్టి కమిషనర్ ఉన్నచోట ఒకటి కట్టి చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ అదే చాలునన్నారు. అహ్మదాబాద్ శరణాలయం 1863లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడాదికి బొంబాయి నుంచి అహ్మదాబాద్ దాకా సూరత్ మీదుగా రైలు నడవసాగింది. ఉత్తరాన అహ్మదాబాద్, దక్షిణాన కొలాబా, రెండిటికీ నడుమ సూరత్: ఇక్కడి మెజిస్ట్రేటుకు రైలు టిక్కెట్టు కొనడం శరణాలయం కట్టడం కంటే చవక.

ఆ ప్రయాణానికి ముందు నడిచే తంతు దేశమంతటా దాదాపు ఒకే తీరుగా ఉండేది. వీధుల్లో తిరుగుతున్న మనిషిని, లేదా ప్రమాదకారిగా తోచిన మనిషిని, పోలీసు పట్టుకుని మెజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. మెజిస్ట్రేటు సివిల్ సర్జన్ చేత పరీక్ష చేయిస్తాడు. సివిల్ సర్జన్ అంటే జిల్లా కేంద్రంలో ఆసుపత్రికీ, జైలుకూ, శవపరీక్షలకూ, టీకాలకూ అన్నిటికీ ఒక్కడే అయిన ప్రభుత్వ వైద్యుడు. ఆయన ధ్రువపత్రం ఇస్తే మెజిస్ట్రేటు శరణాలయంలో చేర్చుకోమని ఉత్తర్వు రాస్తాడు. ఉత్తర్వుతో పాటు ఒక వివరపత్రం వెళుతుంది. పేరు, వయసు, కులం, వృత్తి, ఊరు, వ్యాధి ఎన్నాళ్ల నుంచి, కారణమేమిటి అన్న గళ్లు అందులో ఉంటాయి. ఆ గళ్లను నింపేది తరచుగా పోలీసు. పట్టుబడిన మనిషి మాట పొంతన లేనిది, చుట్టాలు దొరకరు, ఊరు తెలియదు; అయినా గడి ఖాళీగా ఉంటే పై అధికారి కాగితం తిప్పి పంపుతాడు. ఈ చిన్న గడి ఒక పెద్ద వివాదానికి మూలమైంది గనుక దాని కథ కొంత వివరంగా చెప్పుకోవలసినది.

1893 మార్చిలో డబ్ల్యు. ఎస్. కెయిన్ అనే సభ్యుడు బ్రిటిష్ కామన్స్ సభలో వేసిన ప్రశ్న ఫలితంగా, గంజాయి, చరస్, భంగు వాడకాన్ని పరిశీలించేందుకు అదే ఏడాది ఒక సంఘాన్ని నియమించారు. డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడైన ఆ సంఘం చరిత్రలో భారత గంజాయి విచారణ సంఘంగా ప్రసిద్ధం. గంజాయి పీల్చేవారికి పిచ్చెక్కుతుందన్న నమ్మకానికి అప్పటిదాకా చూపుతున్న గట్టి సాక్ష్యం శరణాలయాల వార్షిక గణాంకాలే. సంఘం ఆ గణాంకాలను ఉన్నవి ఉన్నట్టు స్వీకరించలేదు. 1892లో బ్రిటిష్ ఇండియా శరణాలయాలలో చేరిన 1,344 మందిలో గంజాయి తదితరాలే కారణమని రాసి ఉన్న 222 మంది కేసులను ఒక్కొక్కటిగా తిరగేసింది. ఊళ్లకు వెళ్లి విచారించాక, మత్తుపదార్థానికి ఏదో ఒక మేర సంబంధం ఉందని ఒప్పుకోదగినవి 98 మాత్రమే మిగిలాయి. వాటిలోనూ అదొక్కటే కారణమని చెప్పదగినవి 61. సగానికి పైగా కేసులు కాగితం మీద పుట్టినవన్నమాట. మనిషి గంజాయి తాగేవాడని తెలిస్తే చాలు, పోలీసు కారణం గడిలో అదే రాసేవాడు. మెజిస్ట్రేటు దాన్ని ఎత్తిరాసేవాడు. శరణాలయ సూపరింటెండెంటు దాన్ని పట్టికలో చేర్చేవాడు. పట్టిక ముద్రణ అయ్యాక అది విజ్ఞానశాస్త్రమై లండన్ చేరేది.

భారతీయ శరణాలయాల పాలన గురించి తెలుసుకోగోరేవారు ఎన్ని గ్రంథాలు చదివినా, ఈ ఒక్క విచారణ చూపిన నిజాన్ని మించినది దొరకడం కష్టం. వలసపాలన తన మీద తాను నిజాయితీగా జరిపిన అరుదైన తనిఖీలలో ఇది ఒకటి. అయితే తనిఖీ గంజాయి వరకే ఆగింది. కారణం గడి తప్పయితే, ప్రమాదకారి అన్న గడి, బంధువులు లేరు అన్న గడి మాత్రం ఎందుకు తప్పు కాకూడదన్న ప్రశ్నను ఎవరూ వేయలేదు; ఎందరు ఏళ్ల తరబడి గోడల వెనుక ఉండిపోయారన్నది ఆ గళ్ల మీదే ఆధారపడింది.

గోడల లోపలి పాలన జైలును చూసి నేర్చుకున్నది. చాలా శరణాలయాలకు సూపరింటెండెంటుగా ఉన్నది తక్కిన పనులతో పాటు దీన్నీ చూసే సివిల్ సర్జనే. జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ శరణాలయాలకు పదవి రీత్యా తనిఖీదారు. నివేదికలలో ప్రధాన అంశాలు తలసరి ఖర్చు, మరణాల శాతం, రోగుల శ్రమ వల్ల వచ్చిన ఆదాయం. నేత, తోటపని, నూనె తీయడం రోగులకు అప్పగించిన పనులు. పని మనసుకు మంచిదన్న భావన ఆనాటి యూరోపియన్ వైద్యులలో నిజంగానే ఉండేది. ఇంగ్లండ్‌లో యార్క్ పట్టణపు క్వేకర్లు 1796లో తెరచిన రిట్రీట్ నుంచి వచ్చిన ఆ భావన భారతీయ శరణాలయానికి చేరేసరికి చికిత్స, ఆదాయం ఒకే పద్దులో కలిసిపోయాయి. మగ్గం ముందు కూర్చున్న రోగి కోలుకుంటున్నాడని ఒక పేజీ, అతడు నేసిన బట్టకు ఇంత వచ్చిందని మరో పేజీ చెబుతాయి. పనిలో నైపుణ్యం వచ్చిన మనిషిని ఇంటికి పంపాలా వద్దా అన్నదానిలో ఆ రెండు పేజీలలో ఏది ఎక్కువ తూగిందో ఊహించవచ్చు.

తెలుగు జిల్లాల చరిత్ర దీనికి భిన్నం కాదు. మద్రాసులో కీల్‌పాక్ శరణాలయం 1871లో 145 మందితో మొదలైంది. ఉత్తర సర్కారు జిల్లాల కోసం విశాఖపట్నం పక్కన వాల్తేరులో మరొకటి సుమారు అదే కాలంలో ఏర్పడింది. నేడు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల దాని వారసురాలు. ఆ సర్కారు జిల్లాలలో ఒకటైన గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఈనాడు సూరత్ మరమగ్గాల మీద గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులూ, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలూ పక్కపక్కన పనిచేస్తున్నారన్నది ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగిన సంగతి. నిజాం రాజ్యంలో శరణాలయం పుట్టుకే జైలులో జరిగింది: 1895 ప్రాంతంలో హైదరాబాద్ జైలు ఆవరణలో మొదలై, 1907లో జాల్నాకు తరలి, 1953లో మళ్లీ హైదరాబాద్ చేరి ఎర్రగడ్డలో స్థిరపడింది. జాల్నా మరాఠ్వాడాలో ఉంది. తెలంగాణ పల్లెల నుంచి అక్కడికి చేరిన రోగిని చూడటానికి చుట్టాలు ఎన్నిసార్లు వెళ్లగలిగి ఉంటారు? ఎర్రగడ్డ పేరు తెలుగు మాటలలో ఎగతాళిగా మారడానికి సినిమాలే కారణమని చెప్పడం వాడుక. ఇంటికి దూరంగా, తిరిగి రాని చోటుగా అరశతాబ్దానికి పైగా జనం మనసులో నాటుకున్న భయం అంతకంటే పాతది.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో మార్పు వచ్చింది. 1905 తరువాత శరణాలయాలను జైళ్ల శాఖ చేతి నుంచి వైద్యశాఖకు మార్చడం, మానసిక వ్యాధులలో శిక్షణ పొందిన వైద్యులను పూర్తికాలపు సూపరింటెండెంట్లుగా పెట్టడం మొదలైంది. బొంబాయి ప్రెసిడెన్సీలో నరోత్తమ్‌దాస్ మాధవ్‌దాస్ దానంతో ఠాణే దగ్గర నౌపాడాలో 1901లో కొత్త శరణాలయం తెరవడంతో కొలాబా రద్దీకి దారి దొరికింది. తరువాత వచ్చిన 1912 నాటి భారత ఉన్మత్తుల చట్టం పాత చట్టాల స్థానంలో నిలిచి ముప్పావు శతాబ్దానికి పైగా దేశాన్ని పాలించింది. దాని నిబంధనలు కొన్ని తెలుసుకుంటే శరణాలయం ఎలా పనిచేసిందో తెలుస్తుంది. వీధిలో తిరిగే మతిలేని మనిషిని పోలీసు పట్టుకోవచ్చు. ప్రమాదకారి అనిపిస్తే పట్టుకుని తీరాలి. మెజిస్ట్రేటు ఆ మనిషిని పరీక్ష కోసం ఒక్కో విడతకు 10 రోజుల చొప్పున, మొత్తం 30 రోజులకు మించకుండా నిర్బంధంలో ఉంచవచ్చు. ప్రతి శరణాలయానికి కనీసం ముగ్గురు సందర్శకులను ప్రభుత్వం నియమించాలి. వారిలో ఒకరైనా వైద్యాధికారి అయి ఉండాలి. ఇద్దరు కలిసి నెలకొకసారి ప్రతి గదినీ తిరిగి చూడాలి. తనంతట తాను చేరాలనుకునేవారికీ మొదటిసారి దారి ఏర్పడింది, కాని దానికీ ఇద్దరు సందర్శకుల అంగీకారం కావాలి.

కాగితం మీద ఇది చెడ్డ చట్టం కాదు. సందర్శకుల ఏర్పాటు బాగా ఆలోచించి చేసినది; నెలనెలా బయటి కళ్లు లోపల పడితే దాచగలిగేవి తక్కువ. లోపం ఎక్కడంటే, లోపలికి వచ్చే దారిని ఇంత జాగ్రత్తగా రాసిన చట్టం బయటికి వెళ్లే దారిని బంధువు చేతిలో పెట్టింది. తీసుకువెళ్లి చూసుకుంటానని బంధువు పూచీ ఇస్తే విడుదల చేయవచ్చు. అడగడానికి ఎవరూ రాని మనిషి కోలుకున్నా సందర్శకులు తమంతట తాము కదలాలి. 1922లో శరణాలయాల పేరు మానసిక వైద్యశాలలుగా మారింది. రాంచీలో 1918లో యూరోపియన్ల కోసం తెరచిన వైద్యశాలను 1919 నుంచి నడిపిన ఓవెన్ బర్కిలీ-హిల్ వృత్తి చికిత్సను, అంటే రోగి అభిరుచిని బట్టి పనిచేయించి మనసును కుదుటపరచే పద్ధతిని, పట్టుదలతో ప్రవేశపెట్టాడు. అదే రాంచీలో భారతీయుల వైద్యశాల వేరుగా, వేరే వసతులతో ఉండేది.

1946లో జోసెఫ్ భోర్ అధ్యక్షతన వెలువడిన ఆరోగ్య సర్వేక్షణ సంఘ నివేదిక కోసం రాంచీ సూపరింటెండెంటు కర్నల్ మూర్ టేలర్ దేశంలోని మానసిక వైద్యశాలలను తిరిగి చూశాడు. అప్పటికి అవిభక్త భారతదేశం మొత్తానికి ఉన్న మంచాలు పదివేల పైచిలుకు. వైద్యశాలలలో చాలావాటిని పూర్తిగా మార్చి కట్టవలసిందేనన్నది ఆయన పరిశీలన సారాంశం. దాదాపు అరశతాబ్దం తరువాత, జాతీయ మానవ హక్కుల సంఘం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ సహాయంతో 37 వైద్యశాలలను పరిశీలించి 1999లో ప్రకటించిన నివేదిక, వాటిలో 38 శాతం తొలినాటి జైలు తీరు కట్టడాలలోనే ఉన్నాయని తేల్చింది.

సూరత్ ఈ పరంపరకు వెలుపల ఉండిపోవడానికి అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. గిరీంద్రశేఖర్ బోస్ 1933లో కలకత్తా కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో, కె. ఆర్. మసానీ 1938లో బొంబాయి జె. జె. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలు ఆరంభించి మరో దారి చూపారు: జ్వరానికీ, కాలు విరిగినందుకూ జనం వచ్చే గడప దగ్గరికే మనసు చెడినవారూ రావచ్చు, మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా చీటీ రాయించుకుని చికిత్స పొంది ఇంటికి పోవచ్చు. సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 1964లో ఏర్పడి, న్యూ సివిల్ ఆసుపత్రి దాని బోధనాసుపత్రి అయింది. ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా గడిచాక నగరపాలక సంస్థ తన సొంత వైద్య కళాశాలనూ తెరచింది. మానసిక వైద్యం ఈ నగరానికి వార్డుగా, ఓపీగా వచ్చింది; ప్రహరీగా రాలేదు. తొలి ప్రశ్నకు ఈ ఉపన్యాసం ఇచ్చే సమాధానం ఇదే: శరణాలయం దక్కకపోవడం సూరత్ పొందిన మేలు. దానికి ఎవరినీ ప్రత్యేకంగా అభినందించనక్కర లేదు, అది పాలకుల పొదుపు వల్ల కలిగిన మేలు గనుక. అయితే ఆ మేలుకు ఒక హద్దు ఉంది. సాధారణ ఆసుపత్రి వార్డు కొద్దివారాల చికిత్సకు ఏర్పడినది. ఏళ్ల తరబడి అండ కావలసినవారిని, వెంట ఎవరూ లేనివారిని, నేటికీ ఇతర నగరాలలోని మానసిక వైద్యశాలలకే పంపవలసి వస్తుంది. 1864 నాటి రైలు ప్రయాణం పూర్తిగా ఆగిపోలేదు.

స్వాతంత్ర్యం తరువాతి చట్టాల కథ కొంత త్వరగా చెప్పవచ్చు. 1912 చట్టం పోయి 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చినా, అది అమలులోకి వచ్చింది 1993 ఏప్రిల్ 1న. అదే 1993లో, నేరం చేయని మానసిక రోగులను జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 1858 చట్టం వచ్చి అప్పటికి 135 ఏళ్లు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉన్న రోగులు పారిపోలేక పాతికమందికి పైగా కాలి చనిపోయారు. గొలుసు పని ప్రభుత్వ గోడ లోపలే జరుగుతుందనుకున్నవారికి ఆ ఘటన ఒక హెచ్చరిక అయింది. దానికి భిన్నమైన మార్గాన్ని గుజరాత్ చూపడం విశేషం: ఉనావా మీరా దాతార్ దర్గాలో ప్రార్థనకు వచ్చినవారికి అక్కడే మానసిక వైద్యులు మందులు ఇచ్చే ఏర్పాటు, దవా, దువా అన్న పేరుతో, అంటే మందూ ప్రార్థనా కలిసి, ప్రభుత్వ సహకారంతో నడిచింది. దర్గా ముజావర్లే రోగిని వైద్యుడి దగ్గరకు పంపే ఈ పద్ధతి కొందరు వైద్యులకు ఇప్పటికీ రుచించదు. రోగి ఎక్కడ ఉన్నాడో వైద్యం అక్కడికి వెళ్లడమన్న మౌలిక సూత్రాన్ని పాటించినందుకు దీనికి దక్కవలసిన గౌరవం దక్కాలి.

2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పాలనా చరిత్రను తిరగరాసింది. గొలుసు కట్టడాన్ని నిషేధించింది. పోలీసు తీసుకువచ్చిన మనిషిని లాకప్పులో ఉంచరాదనీ, 24 గంటల లోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలనీ చెప్పింది. మెజిస్ట్రేటు చేతిలో ఉన్న పాత అధికారాలలో చాలావాటిని సమీక్షా మండలికి, అంటే జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడుగా, వైద్యులూ, రోగుల లేదా వారి సంరక్షకుల ప్రతినిధులూ సభ్యులుగా ఉండే సంఘానికి, అప్పగించింది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోవడం లేదనో, ఇల్లు లేదనో ఎవరినీ వైద్యశాలలో ఉంచివేయరాదన్న 19వ సెక్షన్, 1912 చట్టం బంధువు చేతిలో పెట్టిన తాళంచెవిని వెనక్కి తీసుకుంది. అటువంటివారి కోసం సగం దారి ఇళ్లు, అంటే ఆసుపత్రికీ సొంత ఇంటికీ నడుమ కొన్ని నెలలు ఉండి పనికీ, వంటకూ, మనుషులకూ అలవాటుపడే వసతులు, ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి. కోలుకున్నా వైద్యశాలల్లోనే ఉండిపోతున్నవారికి పునరావాసం కల్పించాలని సుప్రీంకోర్టు 2017లో గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో కూడా ఆదేశించింది. ఈ ఇళ్లు దేశంలో ఎక్కడా అవసరానికి తగినన్ని లేవు. అధికారం ఇచ్చి బాధ్యతను దాటవేసిన 1858 నాటి అలవాటు, బాధ్యత రాసి డబ్బు కేటాయించని అలవాటుగా మారింది.

సూరత్ తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి నేతపనికి వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా పరిసరాలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. కుటుంబంతో ఉన్నవారికి ఆసుపత్రిలో వెంట నిలిచే మనిషి దొరుకుతాడు. ఒంటరిగా వచ్చి, మరమగ్గాల షెడ్డు పక్కన గదిలో నలుగురితో కలిసి ఉంటూ, రాత్రి షిఫ్టుల మధ్య నిద్ర కోల్పోయి మనసు చెదిరిన కుర్రవాడి సంగతి వేరు. అతడి ఆధార్ చిరునామా ఒక రాష్ట్రంలో, శరీరం మరో రాష్ట్రంలో, మాట మూడో భాషలో ఉంటుంది. మానసిక వైద్యంలో రోగి మాటే ప్రధాన పరీక్ష. రక్తం నమూనా లాగా అది భాష లేకుండా ప్రయోగశాలకు వెళ్లలేదు. ఇతరులకు వినపడని గొంతులు వినిపిస్తున్నాయని తెలుగులో చెప్పిన మనిషి మాటను గుజరాతీలోకో, హిందీలోకో మార్చేది ఎవరన్నది చిన్న విషయం కాదు. పొంతన లేని మాటకూ అర్థంకాని భాషకూ తేడా తెలియని పోలీసు గడి నింపిన రోజుల ఫలితం గంజాయి సంఘం నివేదికలో ఉంది. 2017 చట్టం 22వ సెక్షన్ ప్రకారం రోగికి తన వ్యాధి గురించీ, చికిత్స గురించీ, తనను ఏ నిబంధన కింద చేర్చుకున్నారన్నదాని గురించీ, సమీక్షా మండలికి అర్జీ పెట్టుకునే హక్కు గురించీ తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉంది. సూరత్‌లోని తెలుగు రోగికి ఆ భాష తెలుగు.

ఈ హక్కు అమలు కావడానికి కొత్త చట్టం అవసరం లేదు. గుజరాతీ, తెలుగు రెండూ వచ్చిన పెద్దల, ఉపాధ్యాయుల, విద్యార్థుల పేర్లను నగరంలోని తెలుగు కులసంఘాలూ, ఆలయ కమిటీలూ, సాంస్కృతిక సమితులూ ఒక జాబితాగా రాసి, ప్రభుత్వ, నగరపాలక ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలకు ఇవ్వవచ్చు. పిలిచినప్పుడు ఒక గంట వెళ్లి కూర్చునే మనిషి కావాలి, అంతే. వెంట ఎవరూ లేని రోగికి చట్టం అనుమతించే నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే అతడి తరఫున నిర్ణయాలలో తోడుండే వ్యక్తిగా, నిలబడటానికి సిద్ధమైనవారిని వెతకవచ్చు. కోలుకున్నవారి కోసం నగరంలో ఒక సగం దారి ఇల్లు కావాలని రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు ఈ సంఘాలు కలిసి అర్జీ ఇవ్వడం న్యాయం. సూరత్ కార్మికుల చెమట మీద వచ్చిన పన్నులకు ఆ కోరిక భారం కాదు. అర్జీ ఫలించే దాకా ఆగనక్కర లేకుండా నేడే వాడుకోదగిన సదుపాయం ఒకటి ఉంది: కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ నంబరు 14416లో రోజంతా, ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.